గూడ్సు బండిని చూసే తీరిక

ప్యాసింజరు బండి కోసం ఎదురుచూస్తాం. గూడ్సు బండి దాటిపోయేదాకా ఓర్చుకుంటాం. గేటు పడగానే ‘గూడ్సేనా?’ అని నిట్టూర్చి మోటారు సైకిలు ఆపేస్తాం. గార్డు డబ్బా కనిపించే దాకా ఆ కొద్ది నిమిషాలు మనకు బరువుగా గడుస్తాయి. గేటు లేచిన మరుక్షణం ఆ బండి సంగతే గుర్తుండదు.

గుంతకల్లులోనూ గుత్తిలోనూ మాత్రం ఆ బండి కోసమే నిలబడేవాళ్ళు కొందరున్నారు. ప్లాట్‌ఫారం చివరనో, పట్టాల మీది కాలివంతెన మీదనో కనిపిస్తారు. రిటైరైన రైల్వే ఉద్యోగులు, మనవణ్ణి చంకనేసుకొచ్చిన తాతలు, సెలవు దొరికితే కెమెరా పట్టుకుని బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చే కుర్రాళ్ళు. వాళ్ళు ఎక్కాల్సిన బండి ఏదీ ఉండదు, దింపుకోవాల్సిన చుట్టమూ ఉండడు. ఇంజను ఏ షెడ్డుదో చదువుతారు, వ్యాగన్లు లెక్కపెడతారు, లోపలున్నది బొగ్గా సిమెంటా అని చెప్పుకుంటారు. దీన్ని పనిలేని పని అనుకునేవాళ్ళే ఎక్కువ. అనంతపురం లాంటి జిల్లాలో ఇది ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు చేయవలసిన పని అని మా నమ్మకం.

ఎందుకంటే ఈ నేల కథ ఈ పట్టాల మీదే సాగింది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే పీఠభూమి ఇది. రెండు రుతుపవనాలకూ దూరంగా, కొండల చాటున పడిపోయిన ఎర్రనేల. మద్రాసు నుంచి వాయవ్యంగా వచ్చిన పెద్ద లైను కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. రెండు మహానగరాలను కలపాలన్న లెక్కతో వేసిన దారి మధ్యలో మన ఊళ్ళు తగిలాయి. అప్పటికి అనంతపురం పేరుతో జిల్లాయే లేదు; ఇదంతా బళ్ళారి జిల్లా. 1882లో గానీ విడి జిల్లా కాలేదు.

లైను కలిసిన ఐదేళ్ళకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన ఆ కరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. మద్రాసు రేవులో దిగిన బియ్యం ఈ పట్టాల మీదే పైకి వచ్చింది. స్టేషను దాకా ధాన్యం చేరేది, అక్కడి నుంచి ఊళ్ళకు పోయే దారి ఉండేది కాదు. బళ్ళు లాగాల్సిన ఎద్దులు మేత లేక చచ్చిపోయాయి. కొనే శక్తి లేనివాడికి స్టేషనులో ఉన్న బస్తా కంటికి కనిపించినా కడుపుకు చేరలేదు. రైలు ఒక్కటే కరువును ఆపలేదన్న పాఠం ఈ నేల అంత త్వరగా, అంత ఖరీదు పెట్టి నేర్చుకుంది.

ఆ పాఠం మీదనే 1880 నాటి కరువు కమిషను ఇంకో 5,000 మైళ్ళ రైలు మార్గం అవసరమని చెప్పింది. లాభం కోసం వేసే లైన్లు వేరు, కరువు నుంచి కాచుకోవడానికి వేసే లైన్లు వేరు అన్న ఆలోచన అప్పుడు పుట్టింది. దక్కను మెట్టభూముల్లో ఆ రెండో రకం లైన్లు వేయడానికి సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వచ్చింది. బళ్ళారి, హుబ్బళ్ళి వైపు, నంద్యాల మీదుగా బెజవాడ వైపు, ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు దాని మీటరు గేజి పట్టాలు విస్తరించాయి. 1890ల మొదటికి గుంతకల్లు అన్ని వైపులా చేతులు చాపిన జంక్షను అయింది. బాంబే మెయిలు ఆగే స్టేషనుగా దాన్ని ఎరిగినవాళ్ళలో, ఇది కరువు కట్టించిన జంక్షను అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

రెండు గేజిలు ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఆ ఊరి పాతతరాన్ని అడగాలి. పెద్ద లైను వెడల్పు 1.676 మీటర్లు, చిన్న లైనుది ఒక మీటరు. ఒకదాని వ్యాగను రెండోదాని మీద నడవదు. కాబట్టి సరుకంతా ఇక్కడ దించి ఎక్కించాల్సిందే. ఎదురెదురుగా నిలిపిన రెండు వ్యాగన్ల నడుమ హమాలీల వీపులే వంతెన. వడ్లు, ఉప్పు, ఎరువులు, నూనె డబ్బాలు, ఈ జిల్లా శెనక్కాయల మూటలు అన్నీ మనిషి మెడ మీదుగానే గేజి మారాయి. నీడ లేని యార్డులో, కాలే రాళ్ళ మీద, ఎన్నో దశాబ్దాల పాటు ఈ పని సాగింది. దేశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు సరుకు చేరిందని గొప్పగా చెప్పుకునే లెక్కల్లో ఈ చెమటకు ఒక గడి ఎప్పుడూ లేదు. 1980, 90 దశకాల్లో ఒక్కో లైనూ బ్రాడ్‌గేజి అయింది. మోయాల్సిన మూట తప్పింది. దాంతోపాటు ఆ కూలీ కూడా తప్పింది. రెండూ నిజమే. మార్పును మెచ్చుకునేవాళ్ళు రెండో మాటను మరచిపోకూడదు.

గుత్తికి ఇంకో విశేషం ఉంది. కోట కొండకు కాస్త ఎడంగా, స్టేషను చుట్టూ పెరిగిన ఊరిని ఇప్పటికీ గుత్తి ఆర్.ఎస్. అనే అంటారు. రైలు వచ్చాకే పుట్టిన ఊరు అది. క్వార్టర్లు, యార్డు, షెడ్డు, డ్యూటీ వేళలు తెలిపే సైరన్లు, వాటి చుట్టూ అల్లుకున్న కుటుంబాలు. ఆవిరి కాలంలో ఇంజనుకు బొగ్గెంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం. చెరువు నిండే ఏడు అరుదైన సీమలో వేల గ్యాలన్ల నీళ్ళు తాగే ఇంజన్లను నడిపిన తరం అది. 1960లలో డీజిలు షెడ్డు వచ్చాక ఆ దాహం తీరింది. అక్కడి నుంచి గుత్తి షెడ్డు ఇంజన్లు దక్షిణ మధ్య రైల్వే బరువుల్లో పెద్ద భాగాన్ని లాగాయి. ఏ ఇంజను ఏ షెడ్డుదో ఒంటి మీద రాసి ఉంచడం రైల్వే ఆనవాయితీ. ఆ విధంగా, మండల కేంద్రమంత ఊరి పేరు పక్క రాష్ట్రాల ఘాట్లలోనూ ఓడరేవుల్లోనూ పరాయి ఊళ్ళ సైడింగుల్లోనూ కనిపించేది. మన ఊరి పేరు మోసుకుని అంత దూరం తిరిగిన పనివాడు ఇంకొకడు లేడు.

ఇప్పుడా పట్టాల పైన కరెంటు తీగలు వచ్చాయి. డీజిలు షెడ్లే ఎలక్ట్రిక్ ఇంజన్లను కూడా చూసుకోవడం నేర్చుకుంటున్నాయి. పొగ తగ్గింది, డీజిలు ఖర్చు తగ్గింది, ఏటవాలు దారిలో లాగే సత్తువ పెరిగింది. దీన్ని ఎవరూ కాదనరు. యార్డు పని తీరు కూడా మారిపోయింది. ఒకప్పుడు ఒక్కో గూడ్సులో ఒక్కో వ్యాగను ఒక్కో ఊరికి పోయేది. వాటిని విడదీసి, వరసలు పెట్టి, మళ్ళీ కూర్చడమే యార్డు. షంటింగు ఇంజను ముందుకూ వెనక్కూ కదలడం, పాయింట్స్‌మన్ చేతిలో పచ్చజెండా, కప్లింగు తగిలిన చప్పుడు ఇవన్నీ ఆ పనిలో భాగం. ఇప్పుడు రేక్, అంటే వ్యాగన్ల వరస, మొత్తం ఒకే సరుకుతో, ఒకే చోట నుంచి ఒకే చోటికి పోతుంది. బొగ్గు బండి అంటే యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో వ్యాగన్లు, దాదాపు 700 మీటర్ల పొడవు, మూడున్నర వేల టన్నులకు మించిన బరువు. అది యార్డులో విడిపోదు. డ్రైవరు, గార్డు మారగానే కదిలిపోతుంది.

గార్డు అన్న మాట కూడా మారింది. 2022 జనవరి నుంచి ఆయన ట్రైన్ మేనేజరు. కొన్ని బళ్ళలో ఆఖరి డబ్బాయే ఉండదు; చివరి వ్యాగనుకు తగిలించిన చిన్న పరికరం బండి మొత్తం వెంట ఉందో లేదో ఇంజనుకు కబురు చెబుతుంది. 2025 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే ‘త్రిశూల్’, ‘గరుడ’ పేర్లతో మూడేసి గూడ్సులను ఒక్కో బండిగా కలిపి నడిపింది. వాటిలో ‘గరుడ’ బయల్దేరింది గుంతకల్లు డివిజనులోని రాయచూరు నుంచే. అంత పొడుగు బండి గేటు దాటుతుంటే నిలబడి చూసినవాళ్ళకు మొదలు కనిపిస్తే చివర కనిపించదు.

బండి పొడుగు కంటే దాని కడుపులో ఉన్నదే మనకు ముఖ్యం. గూడ్సు బండి జిల్లా జమాఖర్చుల చిట్టా. ఏం వస్తోందో, ఏం పోతోందో, ఏది ఊరికే దాటిపోతోందో ఆ వ్యాగన్లలో రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఈ లైన్ల మీద ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు వరుస కట్టేవి. బళ్ళారి, హోస్పేట, మన ఓబుళాపురం గనుల ఇనుప ఖనిజం ఓడరేవులకు, అక్కడి నుంచి చైనాకు పోయేది. తరువాత గనుల అక్రమాలు బయటపడ్డాయి. 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతులను ఆపింది, 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి తవ్వకాలనే నిలిపివేసింది. ఆ బళ్ళు తగ్గిపోయాయి. కమిటీల నివేదికలు చదవనివాళ్ళకు కూడా, కొండలు కరిగిపోతున్న సంగతీ ఆ కరుగుడు ఆగిన సంగతీ యార్డు చెప్పింది. ఇప్పుడు బొగ్గు ఎదురు దిశలో వస్తుంది. ఓడరేవుల నుంచి తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి పోతుంది. 2019లో ఓబులవారిపల్లె, వెంకటాచలం మధ్య కొత్త లైను వచ్చాక, ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం గుండా కృష్ణపట్నం రేవు మనకు దగ్గరైంది.

ఇవన్నీ ఎక్కువగా మనల్ని దాటిపోయే బరువులు. ఇక్కడే ఎక్కేవి వేరే ఉన్నాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు ఎన్నో ఏళ్ళుగా ఎక్కుతోంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం 2019లో మొదలయ్యాక అక్కడి స్టేషనులో కార్లు వ్యాగన్లెక్కుతున్నాయి. కొత్త జిల్లాల లెక్కలో పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, పట్టాలకు ఆ గీత తెలియదు. అన్నిటికంటే మనసుకు హత్తుకునేది అరటి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి శీతల కంటెయినర్లలో అరటిగెలలు ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు రైలెక్కాయి, అక్కడి నుంచి సముద్రం దాటాయి. అదే ఏడు సెప్టెంబరు 9న దక్షిణ భారతంలో తొలి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లు, కూరగాయలతో కదిలింది. కరువు జిల్లా అని దేశం మొత్తం పిలిచే చోటు నుంచి దేశ రాజధానికి పండ్లు పోవడమంటే మాటలు కాదు. బొట్టు బొట్టుగా డ్రిప్పు కింద రైతు పోగేసిన నీళ్ళే ఆ పండ్ల రూపంలో బండెక్కాయి.

అందుకే చూడాలంటున్నాం. ఈ పీఠభూమి చుట్టుపక్కలు మన కళ్ళ ముందే మారిపోతున్నాయి. ఒకప్పుడు బండి కిటికీలోంచి చూస్తే చూపు ఆగేదాకా శెనక్కాయ చేలు, నడుమ ఒంటరి గుండ్రాళ్ళ గుట్టలు. ఇప్పుడు గుట్టల మీద గాలిమరలు, బీడుల్లో సౌర పలకలు, హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు. జాతీయ రహదారి మీద కంటెయినర్ లారీలు బారులు తీరుతున్నాయి. రైల్వే గేట్ల స్థానంలో అండర్ బ్రిడ్జిలూ పై వంతెనలూ వస్తున్నాయి. బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లు 2019 మొదటికే లేకుండా పోయాయి. దీనివల్ల ప్రాణాలు మిగులుతున్నాయి, అది మంచిదే. గేటు దగ్గర బలవంతంగానైనా ఆగి చూసే ఆ కొద్ది నిమిషాలు కూడా దీనితోనే పోతున్నాయి. ఇక చూడాలంటే పని కట్టుకుని చూడాల్సిందే.

గేటు అన్నప్పుడు ఒక పేరు తలచుకోకుండా ముందుకు పోలేం. 1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర తెల్ల సిపాయిలు వెంటపడిన ఇద్దరు స్త్రీలు రైల్వే గేటు గుడిసెలో తలదాచుకున్నారు. గేట్‌మన్ హంపన్న వాళ్ళకు అడ్డుగా నిలబడ్డాడు. సిపాయి కాల్చిన తూటాకు బలయ్యాడు. కాల్చినవాడు కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభకు వెళ్ళొచ్చిన గుత్తి న్యాయవాది పి. కేశవ పిళ్ళె ఈ అన్యాయాన్ని పత్రికలకెక్కించారు. తెల్లవాళ్ళూ భారతీయులూ కలిసి చందాలు వేసుకుని గుత్తిలో హంపన్నకు స్మారకం కట్టారు. రైల్వే చరిత్ర అంటే కంపెనీల పేర్లు, లైను తెరిచిన తేదీలు, ఇంజన్ల నమూనాలు మాత్రమేనా? రాత్రిపూట ఒంటరి గేటు దగ్గర లాంతరు పట్టుకుని నిలబడ్డ చిరుద్యోగి ధైర్యం కూడా ఆ చరిత్రే. మన పాఠాల్లో ఆయనకు రెండు పేజీలైనా దక్కాలి.

1956లో ఏర్పడిన గుంతకల్లు డివిజను మొదట దక్షిణ రైల్వేలో ఉండి, 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేకు మారింది. 2019లో ప్రకటించిన విశాఖ కేంద్రమైన దక్షిణ కోస్తా రైల్వేలో దీన్ని చేర్చారు. పీఠభూమి మధ్యలో ఉన్న డివిజను కోస్తా పేరున్న జోనులోకి పోతోంది. పేర్ల మీద పేచీ అక్కర్లేదు. బదిలీల్లో కాగితాలు కదిలినంత సులువుగా జ్ఞాపకాలు కదలవు. అవి వెనకే ఉండిపోయి, పట్టించుకునేవాళ్ళు లేక చెదిరిపోతాయి. ఆ భయమే ఈ మాటలు రాయిస్తోంది.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. స్టేషన్లను కొత్తగా కట్టే ఈ రోజుల్లో గుంతకల్లులోనూ గుత్తిలోనూ యార్డు కనిపించేలా, పట్టాల జోలికి పోకుండా, జాలీ గోడ వెనక నీడపట్టున నిలబడి చూసే చోటొకటి కట్టవచ్చు. ఏ లైను ఎటు పోతుందో, ఎప్పుడు పడిందో, ఏ సరుకు ఎక్కడికి పోతుందో తెలుగులో రాసిన పలక ఒకటి అక్కడ ఉండాలి. పాత షెడ్డుల్లో మూల పడిన లాంతర్లు, టోకెను పెట్టెలు, సిగ్నలు లివర్లు తుక్కు వేలానికి పోకముందే ఒక గదిలో చేర్చాలి. అనంతపురంలో విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర చదివే పిల్లలున్నారు. ట్రాన్షిప్‌మెంట్ హమాలీలుగా పనిచేసిన చివరి తరం, ఆవిరి ఇంజను పొయ్యిలో బొగ్గు చల్లిన ఫైర్‌మన్లు ఇంకా కొందరు మిగిలున్నారు. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే రికార్డు చేయడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. చూసేవాళ్ళకూ ఒక మనవి: పట్టాలు దాటడం, ఆగిన వ్యాగన్ల కింద దూరడం, సెల్ఫీ కోసం ఇంజనుకు ఎదురుపోవడం ఈ ఇష్టానికి మచ్చ తెస్తాయి. కరెంటు తీగ కింద వ్యాగను పైకెక్కడం చావుతో సమానం. ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, గీత ఇవతల నిలబడితే చాలు.

బడి పిల్లలను ఏడాదికోసారి అక్కడికి తీసుకుపోవాలని టీచర్లను కోరుతున్నాం. పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టనివ్వండి. తరువాత అడగండి: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తవ్వారు, ఎవరు పండించారు, ఎవరు మోశారు? మన దగ్గర ఏం దిగింది, ఏం ఎక్కింది? భూగోళమూ అర్థశాస్త్రమూ అంతకంటే దగ్గరగా ఏ పుస్తకంలోనూ దొరకవు.

పెద్దలకూ ఆ ప్రశ్నే వర్తిస్తుంది. ధాత కరువులో ఈ పట్టాలు ధాన్యం తెచ్చినా ఊళ్ళు ఆకలితోనే మిగిలాయి, స్టేషనుకూ ఊరికీ మధ్య దారి లేక, చేతిలో డబ్బు లేక. ఈనాడు బళ్ళు పొడుగయ్యాయి, పట్టాలు జంటలయ్యాయి, వేగం పెరిగింది. అయినా రైతు తోటకూ గూడ్సు షెడ్డుకూ మధ్య దూరం చాలాచోట్ల అలాగే ఉంది. చల్లని గిడ్డంగి, చిన్న లోడుకైనా దొరికే వ్యాగను, ఒక పంటకాలంతో ఆగిపోకుండా ఏటా నడిచే పండ్ల బండి ఇంకా అడగవలసినవిగానే ఉన్నాయి. బొగ్గు దించి ఖాళీగా వెనక్కి పోయే రేకులు ఎన్నో రోజూ మన కళ్ళ ముందు నుంచే వెళ్తున్నాయి. ఆ బొగ్గు వ్యాగన్లలో పండ్లు పెట్టలేం. ఆ పట్టాలు, ఆ ఇంజన్లు, ఆ వేళలు మన పంటకు కూడా దక్కాలని మాత్రం గట్టిగా అడగగలం. అడగాలంటే ముందు గమనించాలి, గమనించాలంటే కాసేపు నిలబడి చూడాలి. గూడ్సు బండిని చూసే అలవాటు ఈ జిల్లాకు కాలక్షేపంగా మొదలైనా, తన వాటా తాను అడిగే తెలివిగా ఎదగాలని మా ఆకాంక్ష.